నైట్రస్ కారుకు పెట్రోలు ఎక్కడి నుంచి ఇవ్వాలి?

సంపాదకులు గారికి నమస్కారములు.

మీ ఆదివారం సంచికలోని వాహనాల పేజీలో, మామూలు రోడ్డు కార్లకు అదనపు శక్తి కోసం నైట్రస్ ఆక్సైడ్ వాయువు సిలిండరు బిగించుకుంటున్న యువకుల గురించి ఇటీవల వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. వ్యాసం మొత్తం మీద నాకు పేచీ లేదు. అయితే నైట్రస్‌తో పాటు ఇంజనుకు అందవలసిన అదనపు పెట్రోలును, డిక్కీలో వేరే చిన్న ట్యాంకు పెట్టి, దానికి వేరే పంపు తగిలించి ఇవ్వడమే అన్నిటికంటే క్షేమమైన పద్ధతి అని అందులో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని నమ్ముకున్న కుర్రవాళ్ల ఇంజన్లు చివరికి విప్పవలసి వచ్చేది మా వంటివాళ్లమే కనుక, దాని మీద నాలుగు మాటలు రాయాలనిపించింది. నేను ఇరవై ఆరేళ్లుగా విజయవాడ ఆటోనగర్‌లో పంపు షాపు నడుపుతున్నాను. మొదట లారీల డీజిల్ పంపులు, నాజిళ్లు చూసేవాణ్ణి, తర్వాత పెట్రోలు ఇంజెక్షన్ కార్లు కూడా చూస్తున్నాను. ఇంధనాన్ని గాజు గొట్టంలో పట్టి, గీత చూసి లెక్క చెప్పడమే నా వృత్తి. అందువల్ల ఈ విషయాన్ని కూడా ఆ గీత దగ్గర నిలబడే చూస్తాను.

నైట్రస్ ఆక్సైడ్ ఇంధనం కాదన్న సంగతి చాలామందికి తెలియదు. ఆసుపత్రుల్లో మత్తు ఇచ్చేటప్పుడు నీలం రంగు సిలిండరు నుంచి వాడే వాయువే ఇది. తనంతట తాను మండదు. దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే విడిపోయి నైట్రోజన్, ఆక్సిజన్ అవుతుంది. గాలిలో బరువు లెక్కన ఆక్సిజన్ 23 శాతం ఉంటే ఇందులో 36 శాతం ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఎత్తున ఎగిరే యుద్ధ విమానాల ఇంజన్లకు దీన్ని వాడారు. తర్వాత అమెరికాలో పావు మైలు పందేల కార్లలోకి దిగి, అక్కడి నుంచి మన కుర్రవాళ్ల ఫోన్లలోకి వచ్చింది. శక్తి వచ్చేది పెట్రోలు నుంచే. ఎక్కువ పెట్రోలు కాలడానికి తగిన ఆక్సిజన్‌ను సమకూర్చడం వరకే నైట్రస్ పని. కాబట్టి నైట్రస్ లోపలికి వెళ్లే ప్రతి క్షణం దానికి సరిపడా పెట్రోలు కూడా వెళ్లి తీరాలి. వెళ్లకపోతే మా భాషలో ఇంజను లీన్ అవుతుంది. లోపల వేడి పెరుగుతుంది, డిటోనేషన్ (మిశ్రమం అదుపు తప్పి పేలినట్టు మండడం) మొదలవుతుంది, అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగే లోహం కనుక పిస్టన్ నెత్తి మైనంలా జారిపోతుంది. ఇదంతా జరగడానికి కొద్ది సెకన్లు చాలు.

ఎంత పెట్రోలు కావాలన్నది బ్రహ్మవిద్య ఏమీ కాదు. పూర్తి లోడు మీద కాస్త రిచ్‌గా, అంటే పెట్రోలు కాస్త ఎక్కువగా నడిచే ఇంజను ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 270 గ్రాముల పెట్రోలు తాగుతుందని పెట్టుకుంటే, 50 హార్స్‌పవర్ అదనంగా ఇచ్చే నైట్రస్‌కు గంటకు పదమూడున్నర కిలోలు, అంటే సుమారు 18 లీటర్లు కావాలి. నిమిషానికి 300 మిల్లీలీటర్లు, సెకనుకు 5 మిల్లీలీటర్లు అన్నమాట. పిల్లలకు దగ్గు మందు పోసే చెంచా ఉంటుంది కదా, సెకనుకు అలాంటి ఒక చెంచాడు. ఇంజను బతుకూ చావూ ఆ చెంచా మీద ఆధారపడి ఉంటాయి. ఇక కారు స్వతహాగా 90 హార్స్‌పవర్‌ది అనుకుంటే, మొత్తం 140 హార్స్‌పవర్‌కు గంటకు 50 లీటర్ల పైచిలుకు అవుతుంది. దాని మీద నాలుగో వంతు మిగులు ఉంచుకుంటే 65 లీటర్ల దాకా ఇవ్వగల పంపు కావాలి. డబ్బా మీద 255 లీటర్లు అని అచ్చు చూసి పంపు కొనేసి, ఇంక దిగుల్లేదనుకునేవాళ్లు ఉన్నారు. ఆ అంకె ఎంత ప్రెషర్ దగ్గర, ఎన్ని వోల్టుల దగ్గర కొలిచినదో వాళ్లు అడగరు. ప్రెషర్ పెరిగేకొద్దీ, వోల్టేజి తగ్గేకొద్దీ ఏ పంపైనా ఇచ్చే పెట్రోలు తగ్గుతుంది.

ఇప్పుడు నా షాపుకు వచ్చిన ఒక కారు సంగతి చెబుతాను. పోయిన వేసవిలో గుంటూరు వైపు నుంచి ఒక కుర్రవాడు తన 1.2 లీటర్ల కారును లారీ మీద వేసుకుని తెచ్చాడు. వేరే ఊళ్లో ఎక్కడో నైట్రస్ బిగించారు. సరిగ్గా మీ వ్యాసంలో చెప్పిన పద్ధతే: డిక్కీలో నాలుగు లీటర్ల ట్యాంకు, దానికో పంపు, ప్రెషర్‌ను ఒకే చోట నిలిపే రెగ్యులేటరు, అన్నీ కొత్తవే. హెడ్డు విప్పితే మూడో పిస్టన్ అంచున బొటనవేలు దూరేంత మేర కరిగిపోయి ఉంది, స్పార్క్ ప్లగ్గు కొన మీద అల్యూమినియం చిన్న చిన్న పూసల్లా అతుక్కుని ఉంది. "ట్యాంకు వేరు, పంపు వేరు. కారు పెట్రోలు జోలికే పోలేదు. ఇంక లీన్ ఎలా అవుతుంది అంకుల్?" అని ఆ అబ్బాయి అడిగాడు. అడగవలసిన ప్రశ్నే.

గేజి తగిలించి పంపు వేస్తే ప్రెషర్ వాళ్లు పెట్టిన చోటే, ఒక్క పౌండు (పీఎస్ఐ) కూడా తగ్గకుండా నిలబడింది. అక్కడితో ఆగితే పంపుకు దోషం లేదనే అనుకోవాలి. కానీ అది పెట్రోలు ఎటూ పోకుండా మూసి ఉన్నప్పటి ప్రెషర్. ఇంటి మీద ట్యాంకు నిండా నీళ్లుండి, కుళాయి విప్పితే సన్నని ధార పడే ఇళ్లు మన ఊళ్లో తక్కువా? అందుకని నాజిల్ దగ్గర గొట్టం ఊడదీసి, అదే జెట్టును (పెట్రోలును కొలతగా వదిలే సన్న రంధ్రపు బిళ్లను) దాని కొసకు బిగించి, షాపు బయట గాలి ఆడే చోట, బీడీ సిగరెట్లు దూరం పెట్టించి, నైట్రస్ సిలిండరు మూసేసి, గీతలున్న గాజు గొట్టంలోకి ముప్పై సెకన్లు పట్టాను. 50 హార్స్‌పవర్ జెట్టు కనుక 150 మిల్లీలీటర్లు రావాలి. 105 వచ్చింది. మళ్లీ పట్టాను, మళ్లీ 105. పంపు తీగల దగ్గర వోల్టేజి చూస్తే, బ్యాటరీ దగ్గర 13.8 ఉన్నది అక్కడికి వచ్చేసరికి 10.6 అయింది. పొగమంచు లైటుకు వెళ్లే సన్నని తీగ నుంచి కొమ్మ లాగి పంపుకు ఇచ్చారు. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇప్పించే రిలే స్విచ్చు లేదు. నైట్రస్ సొలెనాయిడ్‌కు (కరెంటుతో తెరుచుకునే వాల్వుకు) కూడా అదే తీగ. నైట్రస్ తెరుచుకున్న క్షణంలోనే పంపు నీరసపడేది. బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగ వేసి, మధ్యలో రిలే, ఫ్యూజు పెట్టి మళ్లీ పడితే 148 వచ్చింది. పంపు మంచిదే, ట్యాంకు మంచిదే. మూడు వందల రూపాయల తీగ దగ్గర కక్కుర్తి పడి పిస్టన్ పోగొట్టుకున్నారు.

తప్పు తీగది అయితే పద్ధతిని ఎందుకు అనాలి అని మీరు అడగవచ్చు. విడి పంపు నీరసపడితే ఆ సంగతి ఇంజనుకు తెలిసే మార్గం లేదు, నా అభ్యంతరమల్లా అదే. దాని సొంత ఇంజెక్టర్లకు సొంత పంపు నుంచి పెట్రోలు యథాప్రకారం అందుతూనే ఉంటుంది, కారు దూసుకుపోతూనే ఉంటుంది, తొక్కేవాడికి బాగానే ఉన్నట్టు అనిపిస్తూనే ఉంటుంది. పైగా ఆ రెండో పంపు ఏడాదిలో పనిచేసేది పట్టుమని పది నిమిషాలు కూడా కాదు. రోజూ బండి లాగే ఎద్దు కుంటితే సందు మలుపులోనే తెలుస్తుంది. ఏడాదికి ఒకసారి కాడి కట్టే ఎద్దు సంగతి కాడి కట్టాకే తెలుస్తుంది. కారు సొంత పంపు అరిగితే బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడే పికప్‌లో తేడా కనిపిస్తుంది, నైట్రస్ దాకా పోనక్కర లేదు.

అయితే కారు సొంత పంపు ఒక్కదాని మీదే ఇంజను పనీ, నైట్రస్ పనీ రెండూ నడపడం దోషరహితమని నేను అనడం లేదు. నైట్రస్ కోసం పెట్రోలు సొలెనాయిడ్ తెరుచుకోగానే రైలులో, అంటే ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టంలో, ప్రెషర్ ఒక్కసారిగా దిగుతుంది, దాంతో కారు సొంత ఇంజెక్టర్లకు అందేది కూడా తగ్గుతుంది. జెట్టు గుండా పారే పెట్రోలు ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది కనుక, 45 పౌండ్ల నుంచి 35 పౌండ్లకు దిగితే పెట్రోలు సుమారు 12 శాతం తగ్గుతుంది. ఇప్పటి కార్లలో చాలా వాటికి తిరుగు గొట్టం ఉండదు, రెగ్యులేటరు ట్యాంకులోనే పంపు పక్కన ఉంటుంది. ముందు బానెట్ కింద రైలు దగ్గర ఎంత దిగిందో వెనక ఉన్న ఆ రెగ్యులేటరుకు తెలియదు. కాబట్టి ఒకే పంపు పద్ధతి ఎంచుకున్నవాళ్లు ట్యాంకులో పెద్ద పంపు, దానికి సొంత రిలే, లావు తీగ, అవసరమైతే లావు గొట్టం, రైలు కొసన గేజి పెట్టుకోవాలి. నైట్రస్ తెరిచి ఉన్నప్పుడు ఆ గేజి ఎంత చూపిస్తుందో అదే లెక్క, ఐడిల్‌లో ఎంత చూపిస్తుందో లెక్క కాదు.

మూడో దారి కూడా ఉంది, వ్యాసంలో దాన్ని ఒక్క ముక్కలో దాటేశారు. నైట్రస్ మాత్రమే గాలి గొట్టంలోకి చల్లి, అదనపు పెట్రోలును కారు ఇంజెక్టర్ల చేతే ఇప్పించడం. దీన్ని డ్రై పద్ధతి అంటారు. ఇప్పటి చిన్న కార్లలో సిలిండర్లకు గాలి పంచే మేనిఫోల్డు ప్లాస్టిక్‌ది, గాలి మాత్రమే పోవడానికి తయారైనది. అందులోకి పై రెండు పద్ధతుల్లోలా నాజిల్‌తో పెట్రోలు కూడా చల్లితే మలుపుల దగ్గర పెట్రోలు విడిపోయి అడుగున చేరుతుంది. ఒక సిలిండరుకు ఎక్కువ, ఒక సిలిండరుకు తక్కువ పోతుంది. ఒక్క బ్యాక్‌ఫైర్ వచ్చి మంట వెనక్కి తంతే ఆ మేనిఫోల్డు పగిలిపోతుంది. డ్రై పద్ధతిలో ఈ బాధ లేదు. కానీ ఇంజెక్టర్లు అప్పటికే వంద పాళ్లలో ఎనభై, ఎనభై అయిదు పాళ్ల సమయం తెరిచి ఉంటే ఇంక ఇవ్వడానికి వాటి దగ్గర ఏమీ మిగలదు. పెద్ద ఇంజెక్టర్లు వేసి, ఈసీయూలో (ఇంజను కంప్యూటరులో) లెక్కలు మార్చాలి, ప్రతి 50 హార్స్‌పవర్‌కు ఇగ్నిషన్ టైమింగును (స్పార్కు పడే వేళను) రెండు డిగ్రీల దాకా వెనక్కి తేవాలి. ఆ పని తెలిసిన మనిషి దగ్గరలో ఉంటే, రోడ్డు కారుకు నా ఓటు దీనికే. అలాంటి మనిషి లేకపోతే, చిన్న జెట్టుతో, గట్టి సింగిల్ పంపుతో సరిపెట్టుకోవాలి.

మన ఊరి ఎండ సంగతి వ్యాసంలో అసలే లేదు. ఇది బెజవాడ కాదు, బ్లేజువాడ అని మనమే చెప్పుకుంటాం. నైట్రస్ సిలిండరులో ప్రెషర్ వేడిని బట్టి మారుతుంది. 30 డిగ్రీల దగ్గర 900 పౌండ్ల చిల్లర ఉంటుంది. 36.4 డిగ్రీలు దాటితే అందులో ద్రవం, వాయువు అనే తేడాయే ఉండదు, ప్రెషర్ 1050 పౌండ్లు దాటి పోతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం కనకదుర్గమ్మ గుడి కింద కారు నిలిపి వస్తే డిక్కీలో ఎంత వేడి ఉంటుందో వేరే చెప్పనక్కర లేదు. చల్లని దేశాల వాళ్లు సిలిండరును 900 పౌండ్లకు తేవడానికి హీటరు దుప్పటి చుడతారు. ఆ దుప్పటి కూడా కిట్టులో వచ్చింది కదా అని ఇక్కడ చుట్టినవాణ్ణి నేను చూశాను. మనకు కావలసింది తడిగుడ్డ, నీడ, ప్రెషర్ గేజి. పెట్రోలు ప్రెషర్‌ను రెగ్యులేటరు ఒకే చోట పట్టి ఉంచుతుంటే, నైట్రస్ మాత్రం పొద్దున ఒక లెక్కన, మధ్యాహ్నం ఒక లెక్కన వస్తుంది. తుళ్లూరు రోడ్డు మీద తెల్లవారుజామున సరిగా కుదిరిన జెట్లు మధ్యాహ్నానికి కుదరకపోవడానికి కారణం ఇదే. ఈ ఇబ్బంది ఏ పద్ధతిలోనైనా ఉంది కానీ, అప్పటికే అంచున నడుస్తున్న విడి పంపుకు ఇది గోరుచుట్టు మీద రోకటి పోటు.

ఇక పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. శుద్ధ పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువు లెక్కన ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలంటే, దీనికి పదమూడున్నర పాళ్లు చాలు. తిప్పి చెబితే, అదే ఆక్సిజన్‌కు ఈ పెట్రోలు లీటర్ల లెక్కన సుమారు 8 శాతం ఎక్కువ పోయాలి. కిట్టుతో వచ్చే జెట్ల పట్టిక మన బంకు పెట్రోలును చూసి రాసింది కాదు. పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రోజూ నింపి ఖాళీ చేసే పెద్ద ట్యాంకులో దీనివల్ల ఇబ్బంది తక్కువ. డిక్కీలో నాలుగు లీటర్లు పోసి, దీపావళికి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి వాడే చిన్న ట్యాంకులో ఆ పెట్రోలు నెలల తరబడి ఉడుకుతుంది. తేలిగ్గా ఆవిరయ్యేదంతా పోతుంది, నీరు అడుగున చేరుతుంది. నేను చెప్పిన కారు ట్యాంకు అడుగు నుంచి తీసిన పెట్రోలు గాజు గొట్టంలో కాసేపు నిలబెడితే రెండు పొరలైంది. పై పొర పసుపు రంగు, కింద తెల్లగా ఒక వేలెడు.

విడి ట్యాంకుకు తగిన చోటు లేదని కాదు. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాకు వంటి చోట పందేనికి మాత్రమే దిగే కారు, 150, 200 హార్స్‌పవర్ నైట్రస్ వాడేది, ప్రతి పరుగుకు ముందు ట్యాంకు కడిగి ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు తాజాగా పోసేది, పక్కన ఒక మనిషి గేజిలు చూస్తూ ఉండేది అయితే అది చాలా మంచి పద్ధతి. ఆ పద్ధతి పుట్టింది అలాంటి కార్ల కోసమే. పిల్లల్ని బడిలో దింపి కూరగాయలు తెచ్చే కారులో, వెనక సీటుకు ఆనుకుని, ఆక్సిజన్ ఇచ్చే సిలిండరు పక్కనే మరో నాలుగు లీటర్ల పెట్రోలు పెట్టడం వేరు. సీఎన్‌జీ సిలిండరులో 200 బార్ ప్రెషర్ ఉంటుంది, దానికి లేని భయం దీనికెందుకని అడుగుతారు. సీఎన్‌జీ మండాలంటే బయటి గాలి కావాలి. ఇక్కడ మంటకు కావలసిన రెండూ ఒకే డిక్కీలో ఉన్నాయి.

ఏ పద్ధతి పెట్టినా పెట్రోలు ప్రెషర్ తగ్గగానే నైట్రస్‌ను ఆపేసే స్విచ్చు ఉండాలని వ్యాసంలో రాశారు, చాలా సంతోషం. కానీ ఆ స్విచ్చు చూసేది ప్రెషర్‌నే గాని పారుదలను కాదు. జెట్టులో చెత్త అడ్డుపడితే ప్రెషర్ తగ్గదు, స్విచ్చు కిమ్మనదు, పెట్రోలు మాత్రం పోదు. కాబట్టి స్విచ్చుతో పాటు జెట్టుకు ముందు మంచి ఫిల్టరు కూడా ఉండాలి.

చట్టం సంగతి వ్యాసకర్త ఎందుకో ముట్టుకోలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా కారును మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఒక్కో మార్పుకు అన్న మాట గమనించాలి. విడి ట్యాంకు మరో మార్పు. రోడ్డు మీద పందెం వేస్తే 189వ సెక్షన్ వేరే ఉంది. సీఎన్‌జీ కిట్టు బిగించుకుంటే ఆర్‌సీలో ఎక్కించుకుంటాం, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లకు చూపిస్తాం. నైట్రస్‌కు చూపించడానికి ఏ కాగితమూ ఉండదు. ఈ మాట నా దగ్గరికి వచ్చే ప్రతివాడికీ ముందే చెబుతాను. విని వెనక్కి వెళ్లేవాళ్లు కొందరు, వినీ బిగించుకునేవాళ్లు కొందరు. రెండో రకం వాళ్ల కోసమే ఈ కొలతలన్నీ రాశాను.

మీ పత్రికను కోరేది ఒక్కటే. విడి ట్యాంకే క్షేమమన్న వాక్యాన్ని సవరించి, అది పందెపు ట్రాకు కార్లకు వర్తించే మాట అని వేయండి. దానితో పాటు ఆ ముప్పై సెకన్ల కొలతను కూడా వేయండి. 50 హార్స్‌పవర్ జెట్టుకు 150 మిల్లీలీటర్లు, బంకు ఇథనాల్ పెట్రోలు అయితే 162. క్యాలిబ్రేషన్ బెంచి ఉన్న పంపు షాపులు ఆటోనగర్‌లో చాలానే ఉన్నాయి, గీతలున్న గాజు గొట్టం ప్రతి షాపులోనూ ఉంటుంది. ఈ కొలత పట్టడానికి పది నిమిషాలు పడుతుంది. నేనైతే దీనికి డబ్బులు తీసుకోను.

ఇట్లు,
ఒక పంపు షాపు యజమాని,
ఆటోనగర్, విజయవాడ.